అతుకులత్తయ్య అడగకుండా విప్పిన పుట

లైబ్రరీ వెనకగదిలో పుస్తకాలకు కట్లు కట్టే ఆవిడకు ఒకే ఒక్క గర్వం ఉండేది. తాను బాగుచేసిన పుస్తకాన్ని ఎవరు ఎంత తిరగేసినా, ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతికిందో కనిపెట్టలేకపోవాలి. చిరుగు ఉండేదన్న సంగతి చిరుగుకే గుర్తుండకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో ఆమె చేసిన పని అదే, కోరుకున్న పేరు అదే.

పిల్లలు మాత్రం ఆమెకు వేరే పేరు పెట్టారు. అతుకులత్తయ్య. ఆ పేరు పెట్టినవాళ్లలో సగం మంది ఆమె ముఖం సరిగ్గా చూసి ఉండరు. నలుగురున్న చోట ఆమెకు నోరు పెగలదు. మైదా జిగురు గిన్నె, కుంచె, వెదురు పుల్ల, నీరు పీల్చే అద్దుడు కాగితాలు, బరువుకు పెట్టే ఇనుప దిమ్మలు. వీటి మధ్య ఉన్నంతసేపూ ఆమె రాణి. గది గడప దాటితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

పెద్దల పుస్తకాలు ఆమె బల్ల మీదికి ముసలితనంతో వచ్చేవి. పిల్లల బొమ్మల పుస్తకాలు గాయాలతో వచ్చేవి. కుక్క మొరిగే పుట నిండా పంటిగాట్లు. ఉరుము ఉరిమే పుట మీద గోటి గీతలు. ముద్దులు పెట్టీ పెట్టీ రంగు వెలిసిపోయిన పిల్లికూన. సూది వేయించుకునే కుందేలు బొమ్మ దగ్గర ఎవరో కన్నీళ్లో చీమిడో తుడిచిన మరక. ఇవన్నీ ఆమె కంటికి కనిపించేవి. కనిపించినా, అవి చేయవలసిన పనిగానే కనిపించేవి.

ఒక సోమవారం లైబ్రేరియన్ వచ్చి ఓ పుస్తకాన్ని ఆమె బల్ల మీద పెట్టాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు, బొద్దుగా ఉంటాడు, మాటకు ముందు నవ్వు వచ్చే మనిషి.

"అక్కా, కొత్త కేసు. రెండు పుటలు కౌగిలించుకుని కూర్చున్నాయి. విడిపోమంటే వినట్లేదు. నువ్వే ఏదో సర్దిచెప్పాలి."

పుస్తకం ఆమెకు తెలిసిందే. మొదటిసారి బడికి వెళ్లే ఏనుగు పిల్ల కథ. పుటకు నాలుగు పాదాల పాట, పుట నిండా బొమ్మ. ఎదురెదురుగా ఉండే రెండు పుటలు ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే మందపాటి అట్టలా తయారయ్యాయి. ఆమె వాటిని వెలుతురుకు పట్టి చూసింది. ఒలికిన పాలు కాదు. ఎండిన మెతుకు కాదు. జిగురు అంచు నుంచి అంచు దాకా సమంగా పరుచుకుని ఉంది, మూలకు మూల సరిగ్గా కలిసి ఉంది. ఎవరో మనసు పెట్టి, ఊపిరి బిగబట్టి అంటించారు.

అంత మనసు పెట్టి ఎందుకు అంటించి ఉంటారని ఆమె ఒక్క క్షణం అనుకుంది. ఆ క్షణం దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. చేతులు అప్పటికే తడి అద్దుడు కాగితం అందుకున్నాయి.

మూడు రోజులు పట్టింది. చెమ్మ తగిలించి, ఆవిరి పట్టి, వెదురు పుల్లను వెంట్రుకవాసి చొప్పున లోపలికి తోసి, ఎక్కడా రంగు లేవకుండా, ఎక్కడా నూగు రేగకుండా ఆ రెండు పుటలను విడదీసింది. లోపల కనిపించిన బొమ్మలో పులి లేదు, భూతం లేదు. బడి గేటు దగ్గర ఏనుగు పిల్ల నిలబడి ఉంది. దారి వెంట తల్లి ఏనుగు వెళ్లిపోతోంది. పెద్ద వీపు, చిన్న తోక, అంతే. ఇంత చక్కని బొమ్మను ఎందుకు మూసేశారో అనుకుంటూ ఆమె పుటలకు బరువు పెట్టింది.

"ఎక్కడ అంటుకుందో ఎవరైనా చెప్తే నా చెవి కోసిస్తా," అన్నాడు లైబ్రేరియన్, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ.

ఆమె లోలోపల పొంగిపోయింది.

గురువారం ఉదయం తాత చెయ్యి పట్టుకుని ఓ అయిదేళ్ల పిల్ల వచ్చింది. ఆకారం గింజంత, కోపం గిన్నెడు. అందుకే తాత ఆ పిల్లను మిరియం అని పిలుస్తాడు. వచ్చీ రాగానే అడిగింది, "నా ఏనుగు హాస్పిటల్ నుంచి వచ్చేసిందా?"

"వచ్చేసింది తల్లీ, పూర్తిగా నయమైపోయింది," అని లైబ్రేరియన్ పుస్తకం తీసి ఇచ్చాడు.

వెనకగది తలుపు సందులోంచి ఆమె చూస్తూ నిలబడింది. ఎవరూ ఏమీ కనిపెట్టకపోవడాన్ని కళ్లారా చూడాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క సరదా. మిరియం చాప మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తాతకు చదివి వినిపించసాగింది. చదవడం కాదు, అంతా నోటికే వచ్చు.

"బుజ్జి బుజ్జి ఏనుగు,
బుల్లి సంచి మోసెను.
అడుగు మీద అడుగు వేసి
బడి గుమ్మం చేరెను."

పుట తిప్పింది. "గంట గణ గణ..." అని ఆగిపోయింది. అక్కడ గంట లేదు. వెళ్లిపోతున్న పెద్ద వీపు ఉంది.

పిల్ల ఏడవలేదు. అరవలేదు. పుస్తకాన్ని మూసింది. లేచి, అట్ట కిందికి వచ్చేలా అల్మరాలో బోర్లించింది. తాత వైపు చూడకుండా వాకిలి దాకా నడిచి అక్కడ నిలబడిపోయింది.

"ఏమైందే? ఇంకా సగం కూడా కాలేదు కదా!" అంటూ తాత చెప్పులు వెతుక్కుంటూ వెంటపడ్డాడు.

తలుపు వెనక నిలబడ్డ ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఏం జరిగిందో తెలియలేదు. ఏదో జరిగిందని, అది తన చేతి పనేనని మాత్రం తెలిసింది.

మర్నాడు తాత ఒక్కడే వచ్చాడు. పిల్ల రానంటోందని, కార్డు తిరిగి ఇచ్చేస్తానని అన్నాడు. లైబ్రేరియన్ ఆయన్ను వెనకగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమె జిగురు గిన్నె పక్కకు జరిపింది. చివరికి అడిగింది.

"బాబాయిగారూ, ఆ పుటలు అంటించింది మీ మనవరాలేనా?"

"అదేనమ్మా. జిగురు నేనే ఇచ్చాను. ఏ రంగు కాగితమో అంటించుకుంటుందిలే అనుకున్నా. లైబ్రరీ పుస్తకానికే మెత్తేసింది. మీరు తిడతారని చెప్పకుండా అలాగే తెచ్చిచ్చాను. తప్పు నాది."

"తిట్టడం సంగతి కాదండీ. ఎందుకు అంటించిందో చెప్పిందా?"

ముసలాయన ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మా అమ్మాయి బస్సు నడుపుతుంది తల్లీ. కొత్త ఉద్యోగం, పొద్దున్నే డ్యూటీ. అల్లుడు నెలలో ఇరవై రోజులు లారీ మీదే. ఇంట్లో ఇద్దరూ స్టీరింగు పట్టేవాళ్లే, ఈ మిరియాన్ని పట్టేది నేనొక్కణ్ణి. వచ్చే వారం నాకు కంటి ఆపరేషను. రెండుసార్లు వాళ్లమ్మే బడిలో దింపింది, రెండుసార్లూ ఇది గేటు పట్టుకుని వదల్లేదు. ఈ సోమవారం ఆఖరిసారి చూద్దాం, లేకపోతే వచ్చే ఏడాదేనన్నారు టీచరు. అదే జరిగితే మా అమ్మాయి ఉద్యోగం మానుకోవాలి."

"మరి పుస్తకం?"

"ఆ పుస్తకం దొరికాక దారిలో పడిందమ్మా. ఆ ఒక్కచోటా మూసేసుకుంది. గుమ్మం చేరెను, గంట మోగెను, ఆడుకొనెను, అమ్మ వచ్చెను. మధ్యలో అమ్మ వెళ్లిపోయేది లేదు. రోజుకు పదిసార్లు చదివేది. పోయిన ఆదివారం దానంతట అదే అంది, నేను కూడా వెళ్తా తాతయ్యా అని. నిన్నటి నుంచి మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఏనుగును విప్పేశారు, నేను వెళ్లను అంటోంది."

ఆయన వెళ్లాక లైబ్రేరియన్ అక్కడే ఉండిపోయాడు. ఆమె తన చేతులను చూసుకుంది. అయిదేళ్ల పిల్ల అంచు నుంచి అంచు దాకా పూసుకున్న ధైర్యాన్ని ఈ చేతులు మూడు రోజులు కష్టపడి, ఎంతో నైపుణ్యంగా, ఒక్క మరక కూడా మిగల్చకుండా ఊడదీశాయి.

"అంతగా బాధపడతావేంటక్కా? మళ్లీ అంటించేస్తే పోలా? జిగురు నీ దగ్గరే ఉందిగా," అన్నాడు లైబ్రేరియన్.

ఆమె నిజంగానే కుంచె ముంచింది. పుట మీదికి తెచ్చింది. అక్కడే ఆపింది.

"నేను విప్పేసిన సంగతి ఇప్పుడు దానికి తెలుసు తమ్ముడూ. అప్పుడు అది అంటించింది, అది మూసుకుంది. ఇప్పుడు నేను అంటిస్తే నేను దాచినట్టవుతుంది."

"మరేం చేస్తావు?"

"అడుగుతాను."

"ఎవర్ని?"

"మిరియాన్ని."

ఇరవై ఏళ్లలో ఆమె ఒకరి ఇంటి తలుపు తట్టిందని అతను విని ఎరగడు.

శనివారం సాయంత్రం ఆమె ఓ చేతిసంచిలో కుంచె, సీసాలో కొత్తగా కాచిన జిగురు, మూడు రకాల కాగితాలు, ఆ పుస్తకం సర్దుకుని బయల్దేరింది. మిరియం వాళ్ల ఇల్లు మూడో అంతస్తు. మొదటి మలుపులో వెనక్కి వెళ్లిపోదామనుకుంది. రెండో మలుపులో తాత ఇంట్లో ఉండకపోతే బాగుండుననుకుంది. తలుపు ముందు చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. తట్టక ముందే తలుపు తెరుచుకుంది. సగం తెరిచిన తలుపు వెనక, నడుముకు కాస్త పైన, రెండు కళ్లు.

"ఎవరు నువ్వు?"

"నేను... పుస్తకాలకు కట్లు కడతాను."

"అతుకులత్తయ్యవా?"

"ఆఁ."

"నా ఏనుగును విప్పింది నువ్వేనా?"

"నేనే."

"నన్నడగకుండా?"

"అడగకుండానే. తప్పయింది."

పిల్ల ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తలుపు ఇంకాస్త తెరిచింది. "తాతయ్యా! ఈ అత్తయ్య తప్పయింది అంటోంది!" అని లోపలికి కేకేసింది.

"పెద్దవాళ్లను అలా అరిచి చెప్పకూడదే," అంటూ తాత తుండు వెతుక్కుంటూ వచ్చాడు.

"తనే చెప్పింది. నేను అనిపించలేదు."

గచ్చు మీద కూర్చున్నారు. ఆమె పుస్తకం బయటికి తీయగానే మిరియం కాళ్లు దగ్గరికి లాక్కుంది. ఆమె పుస్తకం తెరవలేదు. పక్కన కాగితాలు పరిచింది.

"ఇది పల్చటిది, వెనకున్నది మసకగా కనిపిస్తుంది. ఇది గోధుమ రంగుది, మందం, ఏమీ కనిపించదు. ఇది తెల్లది, దీని మీద బొమ్మ కూడా గీసుకోవచ్చు. జిగురు ఇదిగో. మళ్లీ అంటిస్తావో, కప్పుతావో, అలాగే వదిలేస్తావో, నీ ఇష్టం. నేను పట్టుకుంటాను. నువ్వు చెప్పిందే చేస్తాను."

"మీ సారు తిట్టరా?"

"తిడితే నన్ను తిడతారు."

పిల్ల ఆలోచించింది. తెల్ల కాగితం తీసుకుంది. తనే పుస్తకం తెరిచి, ఆ పుట దగ్గరికి రాగానే కళ్లు గట్టిగా మూసుకుని, కాగితాన్ని చటుక్కున తల్లి ఏనుగు మీద వేసింది. ఒక కన్ను తెరిచి చూసింది. వీపు కనిపించలేదు. రెండో కన్ను తెరిచింది.

"నాలుగు వైపులా అంటించాలా?" అని ఆమె అడిగింది.

"వద్దు. ఒక్క వైపే. తలుపులాగా."

"ఎందుకమ్మా?"

"మొత్తం అంటిస్తే అమ్మ లోపలే ఉండిపోదా? ఊపిరి ఆడదు."

ఆమె జిగురు సీసా మూత తీసి ఇచ్చింది. మిరియం ఒక అంచుకు జిగురు పూసి, నాలుక బయటపెట్టి, కాగితాన్ని అతికించింది. అది వేలెడంత వంకరగా కూర్చుంది. సరిచేయాలని అతుకులత్తయ్య వేళ్లు జివ్వుజివ్వుమన్నాయి. ఆమె రెండు చేతులనూ ఒళ్లో కట్టిపెట్టుకుంది.

మిరియం రంగు పెన్సిలు తెచ్చుకుని ఆ తెల్ల తలుపు మీద బొమ్మ గీయసాగింది. ఒక చెవి చేట, ఒక చెవి చెంచా. తొండం నీళ్ల గొట్టంలా కాగితం అంచు దాకా పోయి, చోటు చాలక వెనక్కి తిరిగింది. రెండు కళ్లు మాత్రం చాలాసేపు గీసింది.

"ఎవరిది ఈ ముఖం?"

"అమ్మ ఏనుగుది. లోపల వీపే ఉంది కదా. ముఖం గీయలేదు వాళ్లు."

"నవ్వుతోందా?"

"లేదు. ఊరికే చూస్తోంది." తలుపు వేసింది. "ఇదిగో, చూస్తోంది." తలుపు తీసింది, కళ్లు మూసుకోకుండానే. "ఇప్పుడు వెళ్తోంది. మళ్లీ చూస్తోంది. వెళ్తోంది." మామూలు సంగతి చెబుతున్నట్టు అంది, "మా అమ్మ బస్సులో అయితే అద్దంలో వెనక్కి చూస్తుంది. నడిచేటప్పుడు అద్దం ఉండదు కదా. అందుకే చూడదు."

గుమ్మం దగ్గర ఎవరో కదిలారు. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. డ్యూటీ దిగి వచ్చిన ఆ పిల్ల తల్లి ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరూ గమనించలేదు. డబ్బా కింద పెట్టి కూతురి ఎదురుగా కూలబడింది.

"టీచరే చెప్పారే. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు ఇంకా ఏడుస్తావని. అందుకే మెడ పట్టేసినట్టు మలుపు దాకా నడిచాను."

"నీకు మెడ నొప్పా?"

"కాదు. ఏడుపు."

"ఎవరికి?"

"నాకే."

ఈ సంగతి మిరియానికి పూర్తిగా కొత్త. తల్లి ముఖాన్ని, తాను గీసిన ముఖాన్ని మార్చి మార్చి చూసింది.

"మరి సోమవారం తిరిగి చూస్తావా?"

"చూస్తా. నేనే దింపుతాను. డ్యూటీ మార్చుకున్నా."

"పదిసార్లు చూడాలి."

"పదిసార్లంటే డిపోలో నన్ను వెతకడానికి ఇంకో బస్సు పంపిస్తారు. రెండు."

"అయిదు."

"మూడు. ఇంక బేరం లేదు."

"సరే, మూడు." పిల్ల పుస్తకం మూసి అతుకులత్తయ్య చేతికిచ్చింది. "కానీ వెళ్తానని నేను చెప్పలేదు."

"చెప్పలేదు," అని తల్లి ఒప్పుకుంది.

సోమవారం లైబ్రేరియన్ ఆ పుస్తకాన్ని చూసి బుగ్గలు నొక్కుకున్నాడు. "అక్కా, ఇదేంటి? వంకర కాగితం, పెన్సిలు గీతలు, పైగా ఈ తొండం... ఇది లైబ్రరీ సొత్తు! నీ చేతి పనేనా ఇది?"

"నేను పట్టుకున్నానంతే."

"సరిచెయ్యవా?"

"చెయ్యను."

అతను ఆ కాగితపు తలుపును ఒకసారి తీశాడు, ఒకసారి వేశాడు. మళ్లీ తీశాడు. పుస్తకాన్ని తీసుకెళ్లి పిల్లల అల్మరాలో, అట్ట ముందుకు కనిపించేలా నిలబెట్టాడు.

ఆ పొద్దంతా ఆమెకు పని సాగలేదు. కుట్టిన కుట్టే మళ్లీ కుట్టింది. బడి గంట తొమ్మిదికి కొడతారని, తానూ గేటు దాకా వెళ్తానని తాత చెప్పాడు. తొమ్మిది అయింది. తొమ్మిదిన్నర అయింది. పిల్ల గేటు వదలకపోతే తాతా మనవరాలూ ఈపాటికి ఇంటికి చేరి ఉండాలి. లేకపోతే నేరుగా ఇక్కడికే రావాలి. వాకిట్లో చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఆమె ప్రాణం చెవుల్లోకి వచ్చేది.

పదిన్నరకు తాత వచ్చాడు. ఆమె చూపు ముందు ఆయన ముఖం మీదికి కాదు, చేతి కిందికి పోయింది. ఆ చేతిని పట్టుకుని ఎవరూ లేరు.

"ఉండిపోయిందా?" అడిగింది. నలుగురి ముందు, గది గడప అవతలికి వచ్చి మరీ అడిగింది.

ముసలాయన పిల్లల చాప మీదే చతికిలబడ్డాడు.

"గేటు దాకా గమ్మున వచ్చిందమ్మా. పట్టుకుంది, గేటు కమ్మీ పట్టుకుంది. మళ్లీ మొదలైందిరా భగవంతుడా అనుకున్నా. వాళ్లమ్మ నాలుగు అడుగులేసి తిరిగింది. ఒకటి అని ఇది గట్టిగా లెక్కపెట్టింది. చెట్టు దగ్గర తిరిగింది. రెండు. ఆ రెండు అన్నప్పుడు చెయ్యి కమ్మీ మీంచి దిగింది. చెయ్యి ఊపింది. నేను చూశాను."

"మూడోసారి?" లైబ్రేరియన్ ఆగలేకపోయాడు.

"మూడోసారి మలుపు దగ్గర మా అమ్మాయి తిరిగింది. అది లేదు అక్కడ. ఎవరో పిల్ల ఎర్ర బంతి పట్టుకుని పిలిస్తే లోపలికి పోయింది. మా అమ్మాయే మలుపు దగ్గర నిలబడిపోయింది. వస్తుందేమో, ఇంకోసారి చూస్తుందేమోనని. నేనే వెళ్లి, పదవే తల్లీ, డ్యూటీకి టైమవుతోంది అని బస్సు ఎక్కించి వచ్చాను."

లైబ్రేరియన్ ముక్కు చీదుకుంటూ అటు తిరిగి, ఎవరూ అడగని పుస్తకమేదో వెతకసాగాడు.

"బడి ఎన్నింటికి వదుల్తారు బాబాయిగారూ?"

"మూడింటికి." తాత గోడగడియారం వైపు చూశాడు. మళ్లీ చూశాడు. "అయిదేళ్లయింది, నా చేతికి పని లేకుండా ఇన్ని గంటలు దొరికి. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. మూడింటిదాకా ఏం చెయ్యమంటావమ్మా?"

ఆమె లోపలికి వెళ్లి తన బల్ల పక్కన ఇంకో ముక్కాలిపీట వేసింది. పంటిగాట్ల కుక్క పుస్తకాన్ని ఆయన ముందు తెరిచి పెట్టింది.

"ఈ పుట అదరకుండా పట్టుకోండి," అంది. "నేను చెప్పేదాకా వదలొద్దు."